మంగు పొడికి పత్యం

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో మా అత్త నన్ను అంగట్లోంచి లేపి మిద్దె మీదికి తోలింది. నేను చేసిన నేరం ఒక్కటే, నా మొహానికి మంగు రావడం. మంగు ఎవరికి రాదండీ? కానుపులైన ఆడవాళ్ళను పదిమందిని వరసగా నిలబెట్టండి, కొందరికైనా బుగ్గల మీద ఆ గోధుమరంగు మచ్చలు కనపడతాయి. కానీ మేము ఆళ్ళగడ్డలో మంగు పొడి అమ్మి పేరు తెచ్చుకున్నవాళ్ళం. అదీ తంటా.

మాది పచారీ అంగడి. ఉప్పూ పప్పూ ఊళ్ళో ఎవరైనా అమ్ముతారు. మా దగ్గరికి మనుషులు వచ్చేది పొడి కోసం. కస్తూరి పసుపు, మంజిష్ఠ వేర్లు, ఎండిన నారింజ తొక్కలు, పెసలు కలిపి దంచి, పలచటి గుడ్డలో జల్లించి, మా అత్త ఆదిలక్ష్మమ్మ చేసే పొడి. శిరివెళ్ల నుంచి, ఉయ్యాలవాడ నుంచి బస్సెక్కి మరీ వచ్చేవాళ్ళు. ఆమె నాకు అత్తే కాదు, మేనత్త కూడా. మా నాయనకు సొంత చెల్లెలు. ఆమె కొడుకు, మా బావ గురుప్రసాదును చేసుకుని నేను ఆ ఇంటికి వచ్చాను.

అంగట్లో నాకొక టేకు స్టూలు ఉంది. పెళ్ళయిన రెండో నెలలోనే మా మామ మహానందయ్య దాన్ని తెచ్చి తక్కెడ పక్కన వేశాడు. "ఈ పిల్లకు నోరు బాగా ఆడతాది, ఈడ కూచోనీ" అన్నాడు. వంటింట్లో నేను పప్పులో ఉప్పు మరిచిపోయే కోడలిని. ఆ స్టూలు మీద మాత్రం సుకన్యమ్మని. ఎవరి బిడ్డకు దగ్గు తగ్గలేదో, ఎవరి చేలో మిరపకు తెగులు పట్టిందో అన్నీ నా చెవిలోనే పడేవి. ఆ స్టూలంటే నాకు ప్రాణం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మంగు మా సాయిశ్రీ కడుపులో ఉన్నప్పుడు పలచగా వచ్చింది. బిడ్డకు ఐదేళ్ళు వచ్చినా అది పోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఉగాదికి వారం ముందు ఉయ్యాలవాడ నుంచి ఒకామె వచ్చి, తీసుకున్న పొట్లాన్ని మళ్ళీ నా ముందే పెట్టింది.

"ఏందమ్మా, వాపసు ఇస్తాండావు?" అన్నాను.

"నీ మొగం చూసినాక ఇస్తాండా. అంగడి నీది, పొడి నీది. నీ మొగానికే పోలేదు, నాకేం పోతాది?"

అంగట్లో నలుగురున్నారు. ఒకామె కిసుక్కున నవ్వింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అచ్చం అట్లా అయింది నా బతుకు. మామ తలెత్తకుండా చింతపండు పొట్లాలు కట్టుకుంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్త చెప్పేసింది. "రేపట్నుంచి నువ్వు అంగట్లోకి రావాకు."

"ఎన్నాళ్ళత్తా?"

"మొగం తేటయ్యేదాకా. నేను తగ్గిస్తా గదా."

"తగ్గకుంటే?"

"నా పొడికి తగ్గకపోవడం ఏందే!" అని కళ్ళెర్రజేసింది. ఆమె మొహం ఎప్పుడూ పసుపుతో మెరిసిపోతూ ఉంటుంది. తెల్లవారకముందే స్నానం చేసి, చెవుల దాకా మందంగా పసుపు పూసుకుని, రూపాయంత కుంకుమ పెట్టుకుని గదిలోంచి బయటికి వస్తుంది. ఊళ్ళో పేరంటమంటే మొదటి తాంబూలం ఆమెకే. కోపం వచ్చినా ఆ మొహం అమ్మవారి మొహంలాగే ఉంటుంది, ఎదురు చెప్పబుద్ధి కాదు.

మా బావ వైపు చూశాను. "రెండు నెల్లే గదా సుకన్యా, ఓపిక పట్టు" అన్నాడు అన్నం కలుపుకుంటూ. మా బావ మంచివాడే, కాదనను. వాళ్ళమ్మ ముందు మాత్రం ఉప్పులేని పప్పు.

ఏడాదికి సరిపడా పొడి సరుకంతా మాకు ఎండాకాలంలోనే ఎండాలి. ఏటా దానికొక కూలిమనిషిని పెట్టుకునేవాళ్ళం. ఆ ఏడు నేనున్నాను గదా అని పెట్టుకోలేదు. పొద్దున తొమ్మిదింటికి మిద్దె ఎక్కి చాపలు పరిచి పసుపు కొమ్ములూ నారింజ తొక్కలూ ఆరబోసేదాన్ని. గంటకోసారి తిరగబోయాలి, కోతుల్ని తోలాలి, సాయంత్రం ఎత్తి కుప్ప చెయ్యాలి. మన ఎండల సంగతి చెప్పేదేముంది? చెప్పుల్లేకుండా రెండడుగులు వేస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. కింద అంగట్లో ఎవరో గట్టిగా నవ్వితే పిట్టగోడ మీంచి వంగి చూసేదాన్ని. నా స్టూలు మీద మా బావ కూర్చుని, వచ్చినవాళ్ళతో ఒక్క మాటా మాట్లాడకుండా ఫోను చూసుకుంటూ ఉండేవాడు.

పొద్దునా సాయంత్రం అత్త నన్ను పడసాలలో కూర్చోబెట్టి పొడి పూసేది. రోజ్‌వాటరుతో కలిపితే మెల్లగా పని చేస్తుందని, నిమ్మకాయ పిండి ఆ రసంతో కలిపేది. మంట పుడుతుందని నేను మూలిగితే, "మండితేనే పని చేస్తాండాదని గుర్తు, రొంత ఓర్చుకోవే" అని నోటితో ఊదేది. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడల్లా నాకు తలంటిన చేతులే అవి. కసిగా రుద్దుతున్నట్టు ఉండేది కాదు. ఏదో మొక్కు తీర్చుకుంటున్నట్టు, కళ్ళు చికిలించుకుని, బుగ్గ మీద ఒక్కో మచ్చనే వెతికి రుద్దేది. అందుకే ఆమెను తిట్టుకోవాలన్నా పూర్తిగా తిట్టుకోలేకపోయేదాన్ని.

పొద్దున పూత కడుక్కుని, ఆ మొహంతోనే మళ్ళీ మిద్దె ఎక్కేదాన్ని. నెల తిరిగేసరికి మంగు తగ్గలేదు సరికదా, ముక్కు మీదికి పాకింది. ఒకరోజు సాయిశ్రీ నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అమ్మా, నీకు సీతాకోకచిలక రెక్కలు వచ్చినాయి" అంది ముచ్చటగా. దాన్ని దగ్గరికి తీసుకున్నాను గానీ ఆ పూటంతా నాకు ఏడుపు ఆగలేదు.

కొండమ్మ వచ్చింది అప్పుడే. ఆమెది శిరివెళ్ల పక్కన పల్లె. మిరప కోతలకు పోతుంది. మూడేళ్ళుగా మా పొడి కొంటోంది, ఆమె మంగు మాత్రం బుగ్గల మీద అట్లాగే కూర్చుని ఉంది. అంగటికి వచ్చినప్పుడల్లా నాతో పది నిమిషాలు మాట్లాడందే పోయేది కాదు. నేను కనపడకపోయేసరికి, మిద్దె మీదున్నానని తెలుసుకుని మెట్లెక్కి వచ్చింది.

నన్ను చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "ఏంది శెట్టెమ్మా ఇది! మాడిపోయినావు గదా!"

"మంగు తగ్గేదాకా అంగట్లోకి రావద్దన్నాది మా అత్త."

"అంగట్లోకి వద్దని ఎండలోకి తోలినాదా?" కొండమ్మ చెంగు తల మీదికి లాక్కుని నా పక్కన పిట్టగోడ నీడలో చతికిలపడింది. "ఒక మాట చెప్తా, నవ్వాకు. పోయినేడు నాకు టైఫాయిడ్ వచ్చి నెలన్నర గుడిసె దాటి బయటికి రాలేదు. ఆ నెలన్నరా పొడి ముట్టలేదు. లేచి అద్దంలో చూసుకుంటే మంగు సగానికి సగం పోయినాది. మళ్ళ మిరప చేనికి పోతి. ఇరవై దినాలకే తిరిగి వచ్చె."

చేతిలో ఉన్న నారింజ తొక్క విరుచుకుంటూ కూర్చున్నాను.

"అంటే ఎండకేనంటావా కొండమ్మా?"

"నాకేం తెలుసమ్మా, సదువుకున్నదాన్నా? నా మొగం చెప్పిందాన్ని చెప్తాండా" అని లేచి, పోతూ పోతూ తన భుజం మీద తువ్వాలు తీసి నా తలకు చుట్టింది. "కట్టుకో, మళ్ళొచ్చినప్పుడు తీసుకుంటాలే."

ఆ సాయంత్రమే ఈ మాట ఇంట్లో చెప్పాను. "కూలోళ్ళ మాటలు పట్టుకుని నా పొడికి వంకలు పెడతావా?" అంది అత్త. అప్పుడు, ఏ సంగతిలోనూ జోక్యం చేసుకోని మా మామ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మ పొడి ఇచ్చేటప్పుడు పత్యం చెప్తాండె. నలభై దినాలు మొగానికి ఎండ పొడ తగలకూడదని. పత్యం ఉండలేనోళ్ళకు పొడి ఇచ్చేదే గాదు."

"ఆ కాలం వేరు" అంది అత్త గబుక్కున. "ఇప్పుడట్ల చెప్తే చేలల్లోకి పోయేటోళ్ళు ఎవరు కొంటారు? అందుకే చెప్పడం మానుకుంటి. పత్యం లేకున్నా పని చేస్తాదిలే." ఆ మాటంటూ ఆమె నా వైపు చూడలేదు.

మర్నాటి నుంచి నిమ్మకాయ ఇంకొక చెక్క ఎక్కువ పడింది. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం మిద్దె మీదే నా కుడిబుగ్గ భగ్గుమంది. కిందికి దిగేసరికి అరచేతి మేర ఎర్రగా కమిలి, నీటి బొబ్బలు లేచాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. అత్త చూసి గోడకు చేరబడిపోయింది. "అయ్యో, నేనేం చేస్తినే తల్లీ" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

నంద్యాలలో చర్మం డాక్టరు ఉందని బావ కనుక్కున్నాడు. తానొస్తానంటే అత్త వద్దంది. "నేను చేసిన పనికి నేనే పోతా. నువ్వు అంగడి చూసుకో" అని పొద్దున బస్సుకు నన్ను తీసుకుని బయలుదేరింది. మొహానికి రోజూ కంటే మందంగా పసుపు పూసుకుని వచ్చింది.

డాక్టరమ్మ నా ఈడుదే. బుగ్గను భూతద్దం పెట్టి చూసి, ఏం పూశారని అడిగింది. అత్త ఒక్కటీ దాచకుండా అంతా చెప్పింది.

"నిమ్మరసం పూసిన మొహంతో ఎండలో ఉంటే చర్మం కాలుతుందమ్మా. ఇది కాలిన పుండే. ముందు ఇది మాననివ్వండి" అంది డాక్టరమ్మ. "ఇక మంగుకు సగం మందు నీడే. గొడుగు, మొహానికి గుడ్డ, ఎండ తగలకుండా నేనిచ్చే క్రీము. గట్టిగా రుద్దకూడదు. నెలలు పడుతుంది. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. తగ్గుతుంది, ఎండలో తిరిగితే మళ్ళీ వస్తుంది."

"మా పొడితో తగ్గినోళ్ళు లేరా డాక్టరమ్మా? మా అత్త కాలం నుంచి అమ్ముతాండాం" అంది అత్త. కొట్లాటకు అడిగినట్టు లేదు, ఏదో బతిమాలుతున్నట్టు ఉంది.

"ఉండే ఉంటారు. నీడపట్టున ఉన్నవాళ్ళయి ఉంటారు. మొహం కడుక్కోవడానికి వాడుకోండి, నిమ్మకాయ లేకుండా, పడితేనే. మందని మాత్రం అనుకోవద్దు." డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ అడిగింది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా మంగు ఉందా? కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే ఉంటుంది."

"మా వంశంలో ల్యాదు" అంది అత్త వెంటనే.

"మీరు ఈమెకు అత్తగారు గదా, నేనడిగేది వాళ్ళ పుట్టింటి సంగతి."

"మేనత్తనే తల్లీ. మా అన్న కూతురే ఇది."

డాక్టరమ్మ రాయడం ఆపి ఆమె మొహంలోకి చూసింది. "అయితే ఆ పసుపు ఒకసారి కడుక్కుని రండి, చూస్తాను."

"పుణ్యస్త్రీని పసుపు కడుక్కోమంటావా?" అంటూ అత్త కుర్చీలోంచి లేచేసింది. డాక్టరమ్మ నొచ్చుకుని, మాట మార్చి మందులు రాసిచ్చింది.

బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. నంద్యాల దాటాక కిటికీలోంచి కొలిమి గాలి కొడుతోంది. శిరివెళ్లలో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. "ఆ నీళ్ళ బాటిలు ఇట్లియ్యి" అంది అత్త. దాహమేమో అనుకున్నాను. ఆమె కిటికీలోంచి తల బయటికి వంచి, దోసిట్లో నీళ్ళు పోసుకుని మొహం కడుక్కుంది. రెండోసారి, మూడోసారి కూడా కడిగింది. రోడ్డు మీద పచ్చటి నీళ్ళు పడ్డాయి. చెంగుతో తుడుచుకుని నా వైపు తిరిగింది.

రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా, పైపెదవి మీదా అదే మంగు. నాకున్నట్టే, నాకంటే ముదురుగా.

"మీ బావ కడుపులో పడినప్పుడు వచ్చె" అంది మెల్లగా. "మా అత్త పొడి ఇచ్చె. పత్యముండమనె. ఇంటెడు చాకిరీ, మిద్దె మీద పని, యాడుంటాది పత్యం? పోలేదు. మంగు పొడి అమ్మే ఇంటి కోడలికే మంగంటే అంగడి ఏం కావల్ల? పసుపు మందంగా పూసుకుంటి. అందరూ మహాలక్ష్మి మాదిరి ఉండాదనిరి. ఇంక కడుక్కునే దారి లేకపాయె."

నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. "తెలిసి తెలిసి నా మొగం మీద రుద్దితివా అత్తా?"

"నాకు పోలేదు, నీకన్నా పోగొట్టల్లనుకుంటి" అంది. కండక్టరు విజిలేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఉంటే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆళ్ళగడ్డ వచ్చేదాకా వదల్లేదు.

ఇంట్లోకి రాగానే మామ ఎదురొచ్చాడు. నా బుగ్గ వైపు చూసి, తర్వాత అత్త వైపు చూశాడు. ఆమె తల దించుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతేళ్ళ కాపురంలో ఆయన ముందు పసుపు లేని మొహంతో నిలబడటం ఆమెకదే మొదటిసారి.

"లోపలికి రావే, ఆడనే నిలబడితివేం?" అన్నాడు మామ.

"చూసినావా నా మొగం?"

"పెండ్లైన రెండో ఏడే చూసినా. తెల్లారి నువ్వు ఇంకా నిద్దర్లో ఉంటివి, పసుపంతా దిండుకు అంటుకొనుండె."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటన్నా అడగలేదే?"

"నువ్వు దాచిపెట్టుకున్నదాన్ని నేనెందుకు బయటికి లాగల్ల?" అని ఆయన మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయాడు. అత్త అక్కడే గడప మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

నా బుగ్గ మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఎవరూ నన్ను మిద్దె ఎక్కనివ్వలేదు. బావే తలకు టవలు కట్టుకుని కొమ్ములు తిరగబోశాడు, రెండో రోజుకే కూలిమనిషిని పిలుచుకొచ్చాడు. మానిన మర్నాడు పొద్దున అత్త అంగట్లోకి వచ్చింది. మొహం ఒట్టిగా ఉంది, కుంకుమ మాత్రం పెట్టుకుంది. పసుపు కాళ్ళకు రాసుకుంది. నా స్టూలు మీది దుమ్ము తన చెంగుతోనే తుడిచి, "కూచో" అంది.

"మొగం ఇంకా తేట కాలేదు గదత్తా?"

"నాది అయ్యిందా? కూచోవే, బేరాల పొద్దు" అని, పక్కన బియ్యం మూట మీద తానూ కూర్చుంది.

తొలకరి పడిన వారం కొండమ్మ వచ్చింది. ఉతికి మడతపెట్టిన తువ్వాలు ఇచ్చాను. ఆమె నా స్టూలునూ నన్నూ చూసి నవ్వి, అత్త వైపు తిరిగి టక్కున ఆగిపోయింది.

"నీకూ ఉండాదా పెద్ద శెట్టెమ్మా?"

"ఉండాది."

"మరి ఎన్నడూ చెప్పకపోతివే?"

"సిగ్గు" అంది అత్త.

"మాకు సిగ్గుపడే తీరిక యాడుందిలే తల్లీ!" అని కొండమ్మ పకపకా నవ్వింది. అత్త కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. తర్వాత కొండమ్మ తక్కెడ మీదికి వంగి, "ఎప్పటి మాదిరి ఒక పొట్లం ఇయ్యి" అంది.

"వద్దులే కొండమ్మా" అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. అది ఎండ పని. నీడన లేకుంటే ఈ పొడి ఏమీ చెయ్యలేదు. చేలో ఉన్నంతసేపూ మొగానికి గుడ్డ కట్టుకో, నిమ్మకాయ జోలికి మాత్రం పోవాకు."

"గుడ్డ కడతాలే. నీడంటావా, మేస్త్రీ వింటాడా? నా మంగు నాతోనే వస్తాది." ఆమె చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. "పొడి ఇయ్యమ్మా. పొద్దంతా మిరప ఘాటులో ఉండి ఇంటికి పోయి దాంతో మొగం కడుక్కుంటే, మంచి వాసనొస్తాది. ఆ కాసేపు నేను గూడా మనిషినే అనిపిస్తాది. అది చాలదా?"

పొట్లానికి చెయ్యి చాపేలోపలే అత్త లేచింది. తానే కాగితం పరిచి, పొడి పోసి, దారం చుట్టింది. ఇంత కాలంలో ఆమె పొట్లం కట్టడం నేను చూడలేదు. కొండమ్మ చేతిలో పెట్టి, ఆ చేతిని పట్టుకునే, ఎన్నో ఏళ్ళుగా మింగేసిన మాటను పైకి తెచ్చింది.

"దీనికి పత్యముంది కొండమ్మా. మొగానికి ఎండ పొడ తగలకూడదు. నీకు కుదరదని తెలుసు. అయినా చెప్పకుండా ఇయ్యకూడదు."

"చెప్పినావు గదా, చాలు" అంది కొండమ్మ.

నా మంగు ఇప్పటికి సగం తగ్గింది. తక్కిన సగం నాతోపాటే రోజూ పొద్దున ఆ స్టూలెక్కి కూర్చుంటుంది. పొడి కోసం ఎవరొచ్చినా ముందు మా అత్తాకోడళ్ళ మొహాలు చూపిస్తాం, తర్వాత పత్యం చెప్తాం, ఆ తర్వాతే పొట్లం కడతాం.